ఇంట్రెస్ట్ అంటే ఏమిటి? అర్థాలు, వాడుక: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకులో, బడిలో, పెళ్లి సంబంధాల మాటల్లో, కోర్టు తీర్పుల్లో, ఆఫీసు మెయిళ్లలో రోజూ వినిపించే ఇంగ్లీషు మాట ఇంట్రెస్ట్. దానికి ఆసక్తి అనీ వడ్డీ అనీ రెండు అర్థాలున్నాయని మనలో చాలామందికి తెలుసు. మూడో అర్థం దగ్గరే తడబాటు వస్తుంది. ఆ మూడోది తెలియకపోతే ఇల్లు కొనే అగ్రిమెంటు కాగితమూ, వీసా దరఖాస్తూ, కోర్టు వార్తా తప్పుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది. ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థులూ, అప్పు కాగితం మీద సంతకం పెట్టబోయేవారూ తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. వడ్డీ సంగతి కావాలనే కొంచెం ఎక్కువగా రాశాను. ఇంగ్లీషు వాక్యంలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు గానీ, వడ్డీ లెక్కలో జరిగిన పొరపాటుకు ఏళ్ల తరబడి డబ్బు కడుతూ ఉండాలి.

ఇంట్రెస్ట్ అసలు అర్థం ఆసక్తా, వడ్డీయా?

రెండూ సరైనవే, కానీ రెండూ మొదటి అర్థాలు కావు. ఈ మాటకు మూలార్థం 'ఒక విషయంలో మనకు పట్టింపు ఉండటం'. తెలుగులో 'నాకేం పట్టింది?' అని అడిగినప్పుడు పట్టింది అన్న మాటకు ఏ భావం ఉందో, ఇంట్రెస్ట్‌కు ఆదిలో ఉన్నది దాదాపు అదే. ఆ పట్టింపు మనసుకు సంబంధించినదైతే ఆసక్తి అంటాము. ఇచ్చిన డబ్బుకు సంబంధించినదైతే వడ్డీ అంటాము. ఆస్తిలోనో, వ్యాపారంలోనో, ఒక నిర్ణయం వల్ల కలిగే లాభనష్టాల్లోనో ఉన్నదైతే ప్రయోజనం, హక్కు, సంబంధం వంటి మాటలతో చెబుతాము. ఈ మాట కనిపించిన ప్రతిచోటా 'ఇక్కడ ఎవరికి, దేనిలో, ఏ పట్టింపు ఉంది?' అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే సరైన అర్థం దానంతట అదే తేలుతుంది.

ఇంత దూరంగా ఉన్న అర్థాలు ఒకే మాటకు ఎలా వచ్చాయి?

లాటిన్‌లో ఇంటర్ అంటే మధ్య, ఎస్సె అంటే ఉండటం. ఆ రెండూ కలిసిన ఇంటరెస్సె అనే క్రియకు మధ్యలో ఉండటం, తేడా పడటం, పట్టింపు కలగటం అనే అర్థాలు ఉండేవి. మధ్యయుగపు యూరప్‌లో అప్పిచ్చి లాభం తీసుకోవడాన్ని క్రైస్తవ చర్చి పాపంగా భావించి నిషేధించింది. అయితే బాకీదారు గడువుకు డబ్బు తిరిగి ఇవ్వకపోతే అప్పిచ్చినవాడికి నిజంగానే నష్టం కలుగుతుంది కాబట్టి, ఆ నష్టానికి పరిహారం అడగటం న్యాయమేనని న్యాయవేత్తలు అంగీకరించారు. ఆ పరిహారానికి వాడిన పేరు ఇంటరెస్సె. కాలక్రమంలో గడువు దాటినా దాటకపోయినా అప్పు మీద తీసుకునే మొత్తానికంతటికీ అదే పేరు స్థిరపడింది. ఇంగ్లండులో 8వ హెన్రీ కాలంలో 1545లో చేసిన చట్టం ఏడాదికి నూటికి పది వరకు వడ్డీని అనుమతించింది. 1552లో ఆ చట్టాన్ని రద్దు చేసి, 1571లో ఎలిజబెత్ రాణి కాలంలో మళ్లీ తెచ్చారు.

ఆస్తిలో హక్కు, వాటా అనే న్యాయపరమైన అర్థం ఇంగ్లీషులో 15వ శతాబ్దం నాటికే ఉంది. మనం ఈరోజు అన్నిటికంటే ముందు తలచుకునే 'ఆసక్తి' మాత్రం 18వ శతాబ్దంలో స్థిరపడిన కొత్త అర్థం.

దీన్ని ఎలా పలకాలి?

ఇంగ్లీషువారి పలుకుబడిలో ఎక్కువగా రెండే అక్షరాలు వినిపిస్తాయి: ఇన్-ట్రస్ట్. ఇన్-ట-రెస్ట్ అని మూడుగా పలికేవారూ ఉన్నారు, అదీ తప్పు కాదు. ఏ పద్ధతిలోనైనా ఊనిక మొదటి అక్షరం మీదే ఉండాలి. మనం తెలుగు వాక్యంలో ఇంట్రెస్టు, ఇంట్రస్టు అని అజంతం చేసి పలకడం మన భాష స్వభావమే, దానికి సంకోచించనక్కరలేదు. ఇంగ్లీషు వాక్యం మాట్లాడేటప్పుడు మాత్రం చివరి ఉకారాన్ని వదిలిపెట్టాలి.

ఇంట్రెస్టెడ్‌కూ ఇంట్రెస్టింగ్‌కూ తేడా ఏమిటి?

ఆసక్తి కలిగినవారు ఇంట్రెస్టెడ్, ఆసక్తి కలిగించేది ఇంట్రెస్టింగ్. ఉద్యోగానికి రాసే మెయిల్‌లో 'ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్' అని రాస్తే, ఈ ఉద్యోగం మీద నాకు ఆసక్తి ఉందని చెప్పబోయి, నేను చాలా ఆసక్తికరమైన మనిషినని చెప్పినట్టవుతుంది. 'ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ జాబ్' అనాలి. ఉద్యోగం ఇంట్రెస్టింగ్‌గా ఉండవచ్చు, మీరు ఇంట్రెస్టెడ్‌గా ఉంటారు. 'ఐ యామ్ హావింగ్ ఇంట్రెస్ట్' అనే వాడుక మన దగ్గర విస్తారంగా వినిపిస్తుంది. తెలుగులోని 'కలిగి ఉన్నాను' దాని వెనుక ఉంది. ఇంగ్లీషులో ఇలాంటి చోట హావ్ అనే క్రియను అలా సాగదీయరు కాబట్టి 'ఐ హావ్ యాన్ ఇంట్రెస్ట్ ఇన్ ఇట్' అంటే సరిపోతుంది.

ఇంట్రెస్టెడ్ అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది, అది కోర్టుల్లోనూ కంపెనీల్లోనూ చాలా ముఖ్యం. దాన్ని కింద వేరుగా వివరించాను.

ఇంట్రెస్ట్ తర్వాత ఇన్ రావాలా, ఆన్ రావాలా?

ఇది నిజంగా తెలుగువారి ప్రశ్న. మనం చదువు మీద ఆసక్తి అంటాము, అప్పు మీద వడ్డీ అని కూడా అంటాము. రెండుచోట్లా మీద అనే ఒకే విభక్తి పనిచేస్తుంది. ఇంగ్లీషు అలా కాదు. ఆసక్తికి ఇన్ రావాలి, వడ్డీకి ఆన్ రావాలి. 'మై సన్ హాజ్ నో ఇంట్రెస్ట్ ఆన్ స్టడీస్' అని ఒక తండ్రి టీచరుగారితో అంటే, ఇంగ్లీషు బాగా తెలిసినవారి చెవికి చదువుకు వడ్డీ పడటం లేదన్నట్టు వినిపిస్తుంది. 'ఇంట్రెస్ట్ ఇన్ స్టడీస్', 'ఇంట్రెస్ట్ ఆన్ ది లోన్' అని రెండు జతలను కలిపి గుర్తుపెట్టుకుంటే ఈ తప్పు మళ్లీ రాదు.

ఇన్ తర్వాత క్రియ వస్తే దాని చివర ఇంగ్ చేర్చాలి: 'ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్ వీణ'. తెలుసుకోవడం, వినడం, చూడటం వంటి కొన్నిటికి మాత్రం టు రావచ్చు: 'ఐ యామ్ ఇంట్రెస్టెడ్ టు నో వాట్ హ్యాపెన్డ్'.

ఇంట్రెస్ట్స్ అని బహువచనం వాడవచ్చా?

ఆసక్తికీ ప్రయోజనానికీ వాడవచ్చు, వడ్డీకి వాడకూడదు. బయోడేటాలో ఇంట్రెస్ట్స్ అన్న శీర్షిక కింద రాసేవి అభిరుచులు. 'ది ఇంట్రెస్ట్స్ ఆఫ్ ఫార్మర్స్' అంటే రైతుల ప్రయోజనాలు. కాబట్టి అలాంటి వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు రైతుల ఆసక్తులు అని రాయడం పెద్ద తప్పు. ఇక మూడు అప్పులున్నా, ఆరు డిపాజిట్లున్నా వడ్డీ ఎప్పుడూ ఏకవచనంలో ఇంట్రెస్టే.

'నాట్ ఇంట్రెస్టెడ్' అనడం మర్యాదేనా?

క్రెడిట్ కార్డు అమ్మడానికి పదేపదే ఫోన్ చేసేవారితో అనవచ్చు. తెలిసినవారితో, పెద్దవారితో, పై అధికారితో అంటే మాట కటువుగా పడుతుంది. అలాంటిచోట 'థాంక్యూ, బట్ ఇట్ ఈజ్ నాట్ ఫర్ మీ' అనడం మేలు. మన పెళ్లి సంబంధాల సైట్లలో ఇంట్రెస్ట్ పంపించడం, ఇంట్రెస్ట్ యాక్సెప్ట్ చేయడం అనేవి ఇప్పుడు తెలుగు ఇళ్లలో మామూలు మాటలయ్యాయి. అక్కడ ఆ మాటకు 'మీ వివరాలు చూశాము, ముందుకు మాట్లాడుకుందామా' అన్నంత అర్థమే తప్ప అంతకు మించిన ఒప్పుదల ఏదీ లేదు. అబ్బాయి తరఫువారు ఇంట్రెస్ట్ పంపితే సంబంధం ఖాయమైనట్టు కాదని పెద్దవారికి ఓపికగా చెప్పవలసి వస్తోంది.

ఆఫీసులో 'ఇన్ ది ఇంట్రెస్ట్ ఆఫ్ టైమ్' అంటే ఏమిటి?

సమయం తక్కువగా ఉంది కాబట్టి కొన్ని విషయాలను వదిలి ముందుకు వెళ్దామని. 'ఇన్ ది ఇంట్రెస్ట్ ఆఫ్' అంటే ఫలానాదాని మేలు కోసం అని అర్థం. 'ఇట్ ఈజ్ ఇన్ యువర్ ఇంట్రెస్ట్ టు రిప్లై' అని ఎవరైనా రాస్తే, జవాబు ఇవ్వడం మీకే మంచిదని. ఆ వాక్యం లాయరు నోటీసులో కనిపిస్తే అందులో కొంత హెచ్చరిక కూడా ఉందని గ్రహించి వెంటనే స్పందించాలి.

రెండు రూపాయల వడ్డీ అంటే బ్యాంకు లెక్కలో ఎంత?

ఏడాదికి 24 శాతం. ఈ జవాబు అందరికీ తెలిసిందే అనిపిస్తుంది గానీ, బ్యాంకు 12 శాతం అనగానే ఉలిక్కిపడి, తెలిసినాయన రెండు రూపాయలకే ఇస్తున్నారని బయట అప్పు తీసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెండు అంకెలూ రెండు వేర్వేరు కొలతల్లో ఉన్నాయి. బ్యాంకు చెప్పే శాతం ఏడాదికి. మన ఊళ్లలో చెప్పే రూపాయలు నెలకు.

ప్రామిసరీ నోటు తీసి ఒకసారి నిదానంగా చదవండి. 'నెల ఒక్కింటికి నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున' అనే మాటలు అందులో ఉంటాయి. నూటికి అన్నది ఎంత అసలు మీదో చెబుతుంది, నెల ఒక్కింటికి అన్నది ఎంత కాలానికో చెబుతుంది, రెండు రూపాయలు అన్నది ఎంత సొమ్మో చెబుతుంది. నోటిమాటగా చెప్పేటప్పుడు మొదటి రెండూ జారిపోయి చివరిది మాత్రం మిగులుతుంది, అందుకే ఆ అంకె అంత చిన్నగా కనిపిస్తుంది. రూపాయి వడ్డీ అంటే 12 శాతం, రూపాయిన్నర అంటే 18, మూడు రూపాయలంటే 36, ఐదు రూపాయలంటే 60 శాతం. నెల అంకెను పన్నెండుతో గుణించడం అనే ఈ చిన్న పనిని అప్పు తీసుకునే ముందే చేయాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్వయం సహాయక సంఘాల మహిళలకు అమలు చేసిన పావలా వడ్డీ పథకం పేరులో ఉన్నదీ ఇదే లెక్క. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు, అంటే 3 శాతం. అంతకు మించిన వడ్డీ భారాన్ని ప్రభుత్వం భరించేది. డ్వాక్రా సంఘాల్లో లెక్కలు రాసిన ఆడవాళ్లకు ఈ రెండు కొలతల మధ్య మార్పిడి నోటికి వచ్చేసింది.

బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా ఎంత పడుతుంది?

బారువడ్డీ ఎప్పుడూ మొదటి అసలు మీదే పడుతుంది. చక్రవడ్డీలో కట్టని వడ్డీ కూడా అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పడుతుంది. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తీసుకొని ఏమీ కట్టకుండా మూడేళ్లు ఉంచితే బారువడ్డీతో 1,72,000 అవుతుంది, ఏడాదికొకసారి కలిపే చక్రవడ్డీతో సుమారు 1,90,660 అవుతుంది. అయిదేళ్లకైతే మొదటిది 2,20,000, రెండోది 2,93,000 దాటుతుంది. మొదట్లో తేడా చిన్నదిగా కనిపించి తర్వాత వేగంగా పెరగడమే చక్రవడ్డీ లక్షణం. నోటీసుల్లోనూ డిపాజిట్ కాగితాల్లోనూ కాంపౌండెడ్ అనే మాట ఉందా, ఉంటే నెలకా, మూడు నెలలకా, ఏడాదికా అన్నది తప్పక చూడాలి. మనం దాచుకునే డబ్బు విషయంలో ఇదే లెక్క మనకు అనుకూలంగా పనిచేస్తుంది. 72ను వార్షిక వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా తెలుస్తాయి. 8 శాతానికి తొమ్మిదేళ్లు.

వడ్డీ ఎంతవరకు పెరగవచ్చు అన్న ప్రశ్న మన నేలలో చాలా పాతది. ఒకేసారి వసూలు చేసే వడ్డీ, అసలుతో కలిపి రెట్టింపును దాటకూడదని మనుస్మృతిలోనే ఉంది. దాందుపట్ అనే పేరుతో ఆ నియమాన్ని బ్రిటిషు కాలంలో బొంబాయి ప్రాంతపు కోర్టులు కూడా పాటించాయి. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సులో, ఆ తర్వాత చేసిన చట్టంలో, అసలును మించి వడ్డీ వసూలు చేయరాదనే నియమం మళ్లీ కనిపిస్తుంది. అప్పు తీసుకున్న మనిషి జీవితం అప్పు కంటే విలువైనదని గుర్తించిన నియమం ఇది, అందుకే దీన్ని గౌరవంతో ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

ఫ్లాట్ ఇంట్రెస్ట్, రెడ్యూసింగ్ ఇంట్రెస్ట్ అంటారు, ఏది చవక?

శాతం ఒకటే అయితే రెడ్యూసింగ్ చవక, అదీ చాలా తేడాతో. టూ వీలరు, టీవీ, ఫోను కొనేటప్పుడు షోరూముల్లో ఎక్కువగా చెప్పేది ఫ్లాట్ రేటు. లక్ష రూపాయలు 12 శాతానికి, 12 నెలల్లో వాయిదాలుగా కట్టేలా తీసుకున్నారనుకుందాం. ఫ్లాట్ పద్ధతిలో లక్ష మీద ఏడాదికి 12,000 వడ్డీ వేసి, మొత్తం 1,12,000ను పన్నెండుతో భాగిస్తారు. నెలకు 9,333 రూపాయలు. రెడ్యూసింగ్ పద్ధతిలో ప్రతి నెలా మీరు కట్టిన అసలు తగ్గిపోయి, మిగిలిన బాకీ మీదే వడ్డీ పడుతుంది కాబట్టి వాయిదా సుమారు 8,885 రూపాయలే, ఏడాది మొత్తానికి వడ్డీ సుమారు 6,620 రూపాయలే.

ఫ్లాట్ పద్ధతిలో అన్యాయం ఎక్కడుందో పదకొండో నెలలో నిలబడి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. అప్పటికి మీ దగ్గర మిగిలిన అసలు బాకీ చాలా కొద్దిది. అయినా మీరు కట్టే వాయిదాలో ఇంకా పూర్తి లక్ష మీది వడ్డీ, నెలకు వెయ్యి రూపాయలు, ఉంటూనే ఉంటుంది. ఆ 12 శాతం ఫ్లాట్ రేటును బ్యాంకు పద్ధతిలోకి మారిస్తే 21 శాతం దాటుతుంది. కాబట్టి ఎంత శాతం అని అడగడంతో ఆగకుండా, ఫ్లాటా రెడ్యూసింగా అని కూడా అడగాలి.

వడ్డీ శాతం తక్కువే అన్నారు, కానీ చేతికి వచ్చిన డబ్బు తగ్గింది. ఎందుకు?

ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం, ఇతర ఖర్చులు ముందే కోసుకొని మిగిలింది ఇస్తే అలా జరుగుతుంది. చేతికి రాని డబ్బు మీద కూడా వడ్డీ కడుతున్నారు కాబట్టి నిజమైన భారం చెప్పిన శాతం కంటే ఎక్కువ. అందుకే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత అవసరాలకు ఇచ్చే రుణాలకూ చిన్న పరిశ్రమల రుణాలకూ బ్యాంకులూ ఫైనాన్స్ సంస్థలూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితాన్ని ముందుగానే ఇవ్వాలి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది అందులో భాగం. ఆ కాగితంలో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. అది ఖర్చులన్నీ కలిపి లెక్కగట్టిన వార్షిక భారం. రెండు రుణాలను పోల్చాల్సి వస్తే ఇంట్రెస్ట్ రేటుతో కాక ఏపీఆర్‌తోనే పోల్చండి. కాగితం తెలుగులో కావాలని అడగడానికి మొహమాటపడకండి.

పంట రుణాల్లో ఇంట్రెస్ట్ సబ్వెన్షన్ అంటే?

వడ్డీలో కొంత భాగాన్ని ప్రభుత్వం కట్టడం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల రూపాయల వరకు తీసుకునే స్వల్పకాలిక పంట రుణానికి రైతుకు పడే వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి మరో 3 శాతం తగ్గి 4 శాతం మిగులుతుంది. గడువు దాటితే ఆ తగ్గింపు పోతుంది.

పబ్లిక్ ఇంట్రెస్ట్ అంటే ప్రజల ఆసక్తి కాదా?

కాదు. ప్రజల మేలు. ఒక నటుడి ఇంటి గొడవ మీద ప్రజలకు ఎంతో ఆసక్తి ఉండవచ్చు, కానీ దాన్ని బయటపెట్టడంలో ప్రజలకు ఒరిగేదేమీ లేదు. ఒక ఊరి తాగునీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందన్నది ఎవరూ ఆసక్తిగా చదవకపోవచ్చు, కానీ అది తెలియడం ఆ ఊరివారికి ప్రాణావసరం. మొదటిది ప్రజల ఆసక్తి, రెండోది ప్రజా ప్రయోజనం. మన పత్రికలు పిల్ అని రాసే పబ్లిక్ ఇంట్రెస్ట్ లిటిగేషన్‌ను ప్రజాప్రయోజన వ్యాజ్యం అని తెలుగు చేయడం ఎంతో సరైన పని. 1979లో హుసేనారా ఖాతూన్ కేసులో, విచారణ కూడా జరగకుండా బీహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గుతున్న ఖైదీల తరఫున సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది ఒక న్యాయవాది. సొంత నష్టం లేని మనిషి ఇతరుల కోసం కోర్టుకు రావచ్చన్న సూత్రాన్ని 1981లో ఎస్.పి. గుప్తా కేసు స్థిరపరిచింది.

సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 8(2)లో ఈ మాట ఒకే వాక్యంలో రెండుసార్లు వస్తుంది. సమాచారం వెల్లడించడంలోని పబ్లిక్ ఇంట్రెస్ట్, దానివల్ల రక్షిత ఇంట్రెస్ట్స్‌కు కలిగే హానిని మించితే సమాచారం ఇవ్వవచ్చునని అక్కడ ఉంది. రెండుచోట్లా ప్రయోజనం అని చదువుకుంటేనే వాక్యం నిలుస్తుంది.

ఆస్తి కాగితాల్లో రైట్, టైటిల్ అండ్ ఇంట్రెస్ట్ అని ఎందుకు రాస్తారు?

ఇక్కడ ఇంట్రెస్ట్ అంటే ఆ ఆస్తిలో చట్టం గుర్తించే పట్టు, వాటా. దీన్ని తెలుసుకోవడం డబ్బు పెట్టేవారికి అత్యవసరం. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 54 ప్రకారం అమ్మకపు ఒప్పందం, అంటే మనం అగ్రిమెంటు అనే కాగితం, తనంతట తానుగా ఆ ఆస్తిలో కొనేవారికి ఎలాంటి ఇంట్రెస్టునూ కల్పించదు. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకున్నంత మాత్రాన స్థలం మనదైపోలేదు, రిజిస్టరైన విక్రయ దస్తావేజుతోనే హక్కు మారుతుంది. అదే చట్టంలోని సెక్షన్ 58 తనఖాను ఆస్తిలోని ఇంట్రెస్ట్‌ను బదిలీ చేయడంగా నిర్వచిస్తుంది. ఇల్లు తనఖా పెట్టిన రోజున ఇంట్లో మనమే ఉంటాము, కానీ ఆ ఇంటి మీద పట్టులో ఒక భాగం బ్యాంకుకు చేరుతుంది.

కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్, వెస్టెడ్ ఇంట్రెస్ట్ అంటే ఏమిటి?

నిర్ణయం తీసుకోవలసిన మనిషికి ఆ నిర్ణయంలో సొంత లాభం కూడా ఉంటే అది కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్. పత్రికల్లో దీన్ని పరస్పర విరుద్ధ ప్రయోజనాలు అని రాస్తున్నారు. మునిసిపల్ టెండర్లను పరిశీలించే అధికారి బావమరిది టెండరు వేస్తే, ఆ అధికారి ఎంత నిజాయితీపరుడైనా పక్కకు తప్పుకోవాలి. అవినీతి జరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న, ఆ పరిస్థితి ఉండటమే అభ్యంతరకరం. క్రికెట్ బోర్డు సంస్కరణల కోసం సుప్రీంకోర్టు 2015లో నియమించిన జస్టిస్ లోధా కమిటీ ఎక్కువగా పట్టించుకున్న అంశాల్లో ఇదొకటి. వెస్టెడ్ ఇంట్రెస్ట్ అంటే స్వార్థ ప్రయోజనం అని వాడుకలో అర్థం. చట్టంలో మాత్రం ఇప్పటికే స్థిరపడిన హక్కు అని, అందులో నింద ఏమీ లేదు.

డిసింట్రెస్టెడ్, అనింట్రెస్టెడ్ రెండూ ఒకటేనా?

జాగ్రత్తగా రాసేవారి వాడుకలో ఒకటి కాదు. అనింట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడు, డిసింట్రెస్టెడ్ అంటే సొంత ప్రయోజనం లేనివాడు, నిష్పాక్షికుడు. జడ్జి డిసింట్రెస్టెడ్‌గా ఉండాలి, అనింట్రెస్టెడ్‌గా ఉండకూడదు.

పైన చెప్పిన ఇంట్రెస్టెడ్ రెండో అర్థం ఇక్కడిదే. ఇంట్రెస్టెడ్ విట్నెస్ అంటే ఉత్సాహంగా సాక్ష్యం చెప్పడానికి వచ్చిన సాక్షి కాదు, తీర్పు ఒక వైపు వస్తే తనకు లాభం ఉన్న సాక్షి. చనిపోయినవారి బంధువు అయినంత మాత్రాన ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టకూడదని, దగ్గరి బంధువు అసలు నేరస్థుణ్ణి వదిలి అమాయకుణ్ణి ఇరికించడం మామూలుగా జరగదని సుప్రీంకోర్టు 1953లో దలీప్ సింగ్ కేసులో చెప్పింది. అలాగే కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 184 ప్రకారం డైరెక్టరు తన ఇంట్రెస్ట్‌ను వెల్లడించాలి. అంటే అభిరుచులు చెప్పమని కాదు, ఏయే సంస్థల్లో వాటాలూ సంబంధాలూ ఉన్నాయో చెప్పమని.

వీసాల్లో ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంట్రెస్ట్, నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్ అని వస్తాయి. అవి ఏ అర్థంలో?

మొదటిది ఆసక్తి అర్థంలో, రెండోది ప్రయోజనం అర్థంలో. ఆస్ట్రేలియాలో 2012 నుంచి నడుస్తున్న స్కిల్‌సెలెక్ట్ పద్ధతిలో వృత్తి నిపుణులు మొదట ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంట్రెస్ట్ (ఈఓఐ) సమర్పిస్తారు. అది వీసా దరఖాస్తు కాదు, ఆహ్వానం వచ్చిన తర్వాతే దరఖాస్తు చేయాలి. ఈఓఐ వేశాము, వీసా వచ్చేస్తుంది అని చెప్పి డబ్బు అడిగే ఏజెంట్ల మాట నమ్మేముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అమెరికాలో ఉన్నత విద్యావంతులకు ఉద్దేశించిన ఈబీ-2 కోటా కింద గ్రీన్‌కార్డుకు మామూలుగా ఒక యజమాని ఇచ్చే ఉద్యోగమూ, లేబర్ సర్టిఫికేషనూ (ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్లు దొరకడం లేదని అక్కడి కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) అవసరం. దరఖాస్తుదారు చేయబోయే పని అమెరికా దేశానికి మేలు చేస్తుందని నిరూపించగలిగితే ఆ రెండిటి నుంచీ మినహాయింపు ఇస్తారు, అదే నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్. 2016 డిసెంబరులో ధనసర్ అనే దరఖాస్తుదారు కేసులో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన నిర్ణయం దీనికి మూడు పరీక్షలు పెట్టింది: ఆ పనికి గట్టి విలువా జాతీయ ప్రాముఖ్యమూ ఉండాలి, దాన్ని ముందుకు తీసుకెళ్లగల స్థితిలో దరఖాస్తుదారు ఉండాలి, మొత్తం మీద మినహాయింపు ఇవ్వడమే దేశానికి లాభమై ఉండాలి. ఇందులో దరఖాస్తుదారు ఆసక్తికి చోటు లేదు. ఇది మంజూరైనా భారతదేశంలో పుట్టినవారు ఈబీ-2 క్యూలో తమ వంతు కోసం వేచి ఉండక తప్పదు.

తెలుగులో రాసేటప్పుడు ఇంట్రెస్ట్ అనే రాయవచ్చా, తెలుగు మాట వాడాలా?

మాటల్లో 'సినిమా ఇంట్రెస్టింగ్‌గా ఉంది' అనడంలో తప్పు లేదు, ఆ మాట మన నోళ్లలో ఎప్పుడో కలిసిపోయింది. రాతలో మాత్రం సందర్భానికి తగిన తెలుగు మాట వాడితే అర్థం గందరగోళం లేకుండా చేరుతుంది. పిల్లల చదువు గురించి ఆసక్తి, శ్రద్ధ, సంగీతం వంటివాటికి అభిరుచి, మక్కువ, అప్పుకు వడ్డీ, కోర్టు, ప్రభుత్వ వ్యవహారాల్లో ప్రయోజనం, ఆస్తి కాగితాల్లో హక్కు. వడ్డీ అనే మాటకు మన దగ్గర ఉన్నంత చనువు ఇంట్రెస్ట్‌కు ఇంగ్లీషులో కూడా లేదేమో. తిరుమల వెంకన్నను వడ్డికాసులవాడని పిలుచుకుంటాము, పెళ్లికి కుబేరుడి దగ్గర తీసుకున్న అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటాము. మనవళ్లను ఎత్తుకున్న అమ్మమ్మలూ నానమ్మలూ అసలు కంటే వడ్డీ ముద్దంటారు. ఆ సామెతలో వడ్డీ స్థానంలో ఇంట్రెస్ట్ అని పెట్టి చూస్తే అందులోని ప్రేమంతా పోతుంది.

'విత్ ఇంట్రెస్ట్' అనే జాతీయానికి తెలుగులో ఏమనాలి?

వడ్డీతో సహా. 'హి రిటర్న్‌డ్ ది ఇన్సల్ట్ విత్ ఇంట్రెస్ట్' అంటే పడిన అవమానాన్ని వడ్డీతో సహా తిరిగి ఇచ్చాడని. ఈ ఒక్కచోట ఇంగ్లీషూ తెలుగూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి నేరుగా అలాగే రాయవచ్చు. 'లిజన్డ్ విత్ ఇంట్రెస్ట్' అని ఉంటే మాత్రం ఆసక్తిగా విన్నాడని రాయాలి.